తెరుచుకోని టెక్స్ట్ ఫైలు: భిలాయి తెలుగువారి కోణంలో

టెక్స్ట్ ఫైలు అంటే అక్షరాలకు ఇచ్చిన సంఖ్యలు వరసగా పేర్చి ఉన్న ఫైలు. అంతకుమించి అందులో ఏమీ ఉండదు. అక్షరం లావు, రంగు, ఫాంటు పేరు, పేజీ కొలత వంటివి అందులో చేరవు. వాడుకలో దీన్ని నోట్‌ప్యాడ్ ఫైలు అనీ, టీఎక్స్‌టీ ఫైలు అనీ అంటారు. కంప్యూటర్‌లో ఇంతకంటే సులువైన ఫైలు లేదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇంగ్లీషు వరకు అది నిజమే. తెలుగులో రాసిన టెక్స్ట్ ఫైలు మాత్రం ముప్పై ఏళ్లుగా తెరవడానికి మొండికేసే ఫైళ్లలో ఒకటిగా ఉంటూ వచ్చింది. తెలుగుతోపాటు హిందీ కూడా అదే యంత్రంలో, అచ్చు పేజీలు కట్టే అదే డీటీపీ కొట్టులో, అదే పెన్‌డ్రైవ్‌లో తిరిగే ఊళ్లలో ఈ చిక్కు రెట్టింపు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయి అలాంటి ఊరు.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలిమి పనికి, కట్టడం పనికి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి జనం విజయనగరం–రాయపూర్ రైలు మార్గం మీద కదిలారు. సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడ్డవారి పిల్లలు, మనవలు ఇప్పుడు అక్కడివారే. సెక్టార్-5లో బాలాజీ మందిరం, ఆంధ్ర సాహిత్య సమితి వారి ఉనికికి గుర్తులు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ లేదా ఇంగ్లీషు. మాట వచ్చు, లిపి రాదు అనేవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. ఈ సంగతి కంప్యూటర్ వ్యాసంలో ఎందుకంటే, ఫైలు సరిగ్గా తెరుచుకుందో లేదో చెప్పడానికి ఆ లిపి చదవగలిగిన కన్ను కావాలి. హిందీ మాత్రమే చదివే కొట్టతనికి సరైన తెలుగూ, చెడిపోయిన తెలుగూ ఒక్కలాగే కనిపిస్తాయి. వత్తులు ఊడిపోయిన ఆహ్వానపత్రిక అచ్చయి వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

తెరుచుకోలేదంటే ఏమిటి?

"ఫైలు తెరుచుకోవట్లేదు" అనే ఒక్క మాట వెనక కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఉంటాయి. మొదటిది, నొక్కినా ఏమీ జరగకపోవడం, లేదా అనుమతి లేదన్న సందేశం రావడం. రెండోది, తెరుచుకుని ఖాళీగా ఉండటం. మూడోది, అక్షరాల చోట చదరపు డబ్బాలు కనబడటం. నాలుగోది, పిచ్చి అక్షరాలు రావడం. మొదటి రెండింటికీ భాషతో పని లేదు. తర్వాతి రెండూ పూర్తిగా భాషకు సంబంధించినవి. వైద్యుడు జ్వరానికీ దద్దుర్లకూ ఒకే మందు రాయనట్టే, వీటన్నిటికీ ఒకే చిట్కా చెప్పేవారిని నమ్మనక్కరలేదు.

ఏ రకమైనా ముందు చేయాల్సింది ఒకటే. ఫైలుకు నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయోగాలు చేయాలి. పిచ్చి అక్షరాలు కనిపించినప్పుడు కంగారులో సేవ్ నొక్కడం వల్ల పోయిన ఫైళ్లే ఎక్కువ. తప్పుగా తెరవడం వల్ల ఫైలుకు ఏ నష్టమూ రాదు. తప్పుగా తెరిచి దాచడం వల్లే వస్తుంది.

పేరు ఒకటి, సరుకు ఒకటి

ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉండే మూడు నాలుగు అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. విండోస్ మామూలుగా దాన్ని దాచి ఉంచుతుంది. అందువల్ల వర్డ్ ఫైలు పేరును టీఎక్స్‌టీ అని మార్చి పంపినా, అసలు టెక్స్ట్ ఫైలుకు మరో తోక తగిలించినా చూడగానే పోల్చలేం. నోట్‌ప్యాడ్‌లో తెరిచినప్పుడు మొదటి రెండు అక్షరాలు ఇంగ్లీషు పి, కె అయి, ఆ తర్వాత అంతా చెత్తగా ఉంటే అది జిప్ ఫైలో, కొత్త రకం వర్డ్ ఫైలో అయి ఉంటుంది. వర్డ్ డీఓసీఎక్స్ ఫైళ్లు లోపల జిప్ మూటలే. శాతం గుర్తు, దాని పక్కన పీడీఎఫ్ అన్న మూడు అక్షరాలతో మొదలైతే అది పీడీఎఫ్. తోక సరిచేస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. లినక్స్‌లో 'ఫైల్' అనే ఆదేశం ఈ పరీక్షనే చేస్తుంది. అది పేరును పట్టించుకోదు, లోపలి తొలి బైట్లు చూసి రకం చెబుతుంది.

దాగిన ఎక్స్‌టెన్షన్ ఎంత దూరం తీసుకెళ్తుందో 2000 మే నెలలో ప్రపంచమంతా చూసింది. 'ఐ లవ్ యు' అన్న శీర్షికతో వచ్చిన ఈమెయిల్‌కు జతగా ప్రేమలేఖ పేరుతో ఒక టీఎక్స్‌టీ ఫైలు కనిపించింది. దాని అసలు తోక వీబీఎస్. అంటే అది నడిచే ప్రోగ్రాము. టెక్స్ట్ ఫైలు వల్ల హాని ఉండదన్న నమ్మకమే ఆ వైరస్‌కు వాహనం. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ల చోట షార్ట్‌కట్లు కనిపించడం కూడా ఇదే జాతి మోసం. అసలు ఫైళ్లు దాగి ఉంటాయి, పోయి ఉండవు. షార్ట్‌కట్‌ను నొక్కకుండా దాగిన ఫైళ్లను చూపించే అమరిక పెట్టి, యాంటీవైరస్ నడిపితే సాధారణంగా బయటపడతాయి.

పేరు పొడవు కూడా అడ్డు పడుతుంది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఫోల్డర్ల పేర్లతో సహా మొత్తం దారి 260 అక్షరాలు దాటితే ఫైలును తెరవలేవు. తెలుగులో పేర్లు పెట్టేవారికి ఈ హద్దు ముందే వస్తుంది. మన కంటికి ఒక్క అక్షరమైన 'శ్రీ' కంప్యూటర్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘ గుడి. లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్ల హద్దు ఉంది. ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పోతాయి కాబట్టి 85 సంకేతాలకు మించి పట్టదు. 'శ్రీ వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవ సంచిక' అని నిండుగా పేరు పెట్టి, దాన్ని అయిదు ఫోల్డర్ల లోపల దాచేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఫైలును డెస్క్‌టాప్ మీదికి తెచ్చి, పేరు పొట్టి చేస్తే సరిపోతుంది.

ఖాళీగా తెరుచుకునే ఫైలు దగ్గర పరిమాణం చూడాలి. సున్నా బైట్లు అని ఉంటే లోపల ఏమీ లేదు, పాత నకలు వెతుక్కోవడమే. పరిమాణం సరిగ్గా ఉండి, తెరిస్తే ఖాళీగానో, ఒకే గుర్తు వరసగానో కనిపిస్తే, రాస్తుండగా కరెంటు పోయి ఉండవచ్చు. అప్పుడు డిస్కు మీద ఫైలుకు చోటు కేటాయించడం జరిగింది, అక్షరాలు చేరలేదు. ఆ చోటంతా సున్నాలే. ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది ఇంకా ఇంటర్నెట్‌లోనే ఉంది, ఈ యంత్రంలోకి దిగలేదు. విండోస్‌ను మళ్లీ వేయించాక పాత డిస్కులోని ఫైళ్లకు అనుమతి లేదని వస్తే, అక్కడ పాత వాడుకరి యజమానిగా ఉన్నాడని అర్థం. అడ్మినిస్ట్రేటర్‌గా లోపలికి వెళ్లి యాజమాన్యం మార్చుకోవాలి. ఇవన్నీ అయిదు నిమిషాల పనులు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

అక్షరం వెనక సంఖ్య

కంప్యూటర్‌కు 'క' తెలియదు, ఒక సంఖ్య తెలుసు. ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే పట్టికను ఎన్‌కోడింగ్ అంటారు. 1963లో అమెరికాలో వచ్చిన ఆస్కీ పట్టికలో 128 స్థానాలున్నాయి. ఇంగ్లీషుకు అవి చాలు. తెలుగు, హిందీ వంటి భాషలకోసం భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 పేరుతో ఇస్కీని ప్రమాణంగా ప్రకటించింది. దాన్ని వాడుకలోకి తెచ్చింది పుణెలోని సీడాక్, తన జిస్ట్ పరిజ్ఞానంతో. ఇస్కీ వెనక ఉన్న ఆలోచన అందమైనది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణమాల వరస ఒకటే కదా, అందుకని అన్నిటికీ ఒకే సంఖ్యలు ఇచ్చారు. తెలుగు 'క'కూ, హిందీ 'క'కూ, బెంగాలీ 'క'కూ 179 ఒక్కటే. తెర మీద ఏ లిపి కావాలో అది ఎంచుకోవచ్చు.

ఈ అందమే చిక్కయింది. లిపి ఏదో చెప్పే గుర్తు ఫైలులో లేకపోతే, తెలుగులో రాసిన వాక్యం హిందీ అమరికతో ఉన్న యంత్రంలో నాగరి లిపిలో ప్రత్యక్షమవుతుంది. అర్థం కాని హిందీ అనిపిస్తుంది. గట్టిగా చదివితే తెలుగు వినిపిస్తుంది. భిలాయి లాంటి చోట ఇది శాపమా వరమా అన్నది చదివేవారి మీద ఆధారపడి ఉంటుంది. లిపి రాని తెలుగు పిల్లవాడు అమ్మమ్మ పాటను నాగరిలో చదువుకోగలిగితే నష్టమేముంది! అయినా ఫైలు పాడైందనుకుని పారేయడమే సహజం.

1991లోనే యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అది ఇస్కీ 1988 నాటి పాత కూర్పు వరసనే తీసుకుని, ఒక్కో లిపికి వేరే గది కట్టింది. నాగరికి 2304 నుంచి, తెలుగుకు 3072 నుంచి 128 స్థానాల చొప్పున కేటాయించింది. గదులు వేరైనా లోపలి సర్దుబాటు దాదాపు ఒకటే. హిందీ 'క' సంఖ్య 2325, తెలుగు 'క' సంఖ్య 3093. తేడా 768. చాలా అక్షరాలకు ఇదే తేడా. ఒక లిపిలోని టెక్స్ట్‌ను మరో లిపిలోకి మార్చే పనిముట్లు ప్రధానంగా ఈ కూడిక మీదే నడుస్తాయి.

ఫాంటులో దాగిన తెలుగు

ప్రమాణాలు వచ్చినా డీటీపీ కొట్లు వాటికోసం ఆగలేదు. పేజీలు కట్టే పేజ్‌మేకర్‌ ప్రోగ్రాములో తెలుగు కావాలి, అదీ ఆ పూటే కావాలి. అను వంటి తెలుగు ఫాంట్లు, హిందీకి కృతిదేవ్, రెండింటికీ శ్రీలిపి వంటివి ఆ అవసరాన్ని తీర్చాయి. వీటి కిటుకు సులభం. ఫైలులో ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. ఫాంటు ఆ అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఇంగ్లీషు అక్షరం స్థానంలో ఒక తలకట్టు, మరో గుర్తు స్థానంలో ఒక వత్తు. పేజ్‌మేకర్ ఫైలులో ఫాంటు పేరు కూడా ఉంటుంది కాబట్టి అంతా బాగానే కనిపిస్తుంది. దాన్ని నకలు చేసి టెక్స్ట్ ఫైలుగా దాచిన మరుక్షణం ఫాంటు పేరు ఊడిపోతుంది. మిగిలేది ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగలిసిన గందరగోళం.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. అందులో చదవదగ్గ ఇంగ్లీషు మాట ఒక్కటీ ఉండదు, ఖాళీలు మాత్రం మాటల మధ్య ఉన్నట్టే ఉంటాయి. ఆ ఫాంటు యంత్రంలో ఉంటే, టెక్స్ట్‌ను వర్డ్‌లో పోసి ఆ ఫాంటు పెడితే తెలుగు మళ్లీ లేచి వస్తుంది. ఉక్కు కర్మాగారంలోలాగే ఇక్కడా అచ్చు ఉంటేనే పోతకు రూపం. శాశ్వత మందు కావాలంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాలి. అయితే తెలుగు అక్షరం ముక్కలుగా ఉంటుంది. తలకట్టు ఒక చోట, గుడి మరో చోట, వత్తు ఇంకో చోట. కన్వర్టర్ వాటిని ఏ వరసలో కలపాలో ఊహించుకోవాలి. 'స్త్ర', 'క్ష్మ' వంటి వాటి దగ్గర తప్పులు వస్తాయి. మార్చాక తెలుగు చదివేవారు ఒకసారి అక్షరం అక్షరం చూడాల్సిందే. భిలాయిలో ఆ చూపు కోసం కొట్టు మీద ఆధారపడకుండా, ఇంట్లోని పెద్దవారిని పిలవడం మేలు.

కృతిదేవ్ హిందీ ఫైలుకు అను కన్వర్టర్ పెట్టినా, అటుది ఇటు పెట్టినా ఫలితం శూన్యం. హిందీ, తెలుగు రెండూ కట్టే కొట్టులో ఈ పొరపాటుకు ఎప్పుడూ అవకాశం ఉంది. ఫైలు పేరులోనే ఫాంటు పేరు రాసిపెడితే సగం పని తప్పుతుంది.

ఈ గొడవ లేకుండా 1990ల మొదట్లో అమెరికాలోని తెలుగువారు మరో దారి తొక్కారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో, కచ్చితమైన నియమాలతో రాస్తారు. చిన్న టి అయితే 'త', పెద్ద టి అయితే 'ట'. ఆ ఫైలు ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది, ఎందుకంటే అది అచ్చంగా ఆస్కీ. అన్నిటినీ చిన్న అక్షరాలుగా మార్చే ప్రోగ్రాము చేతిలో పడితే మాత్రం టకారాలన్నీ తకారాలవుతాయి. అయినా మనుగడ విషయంలో తెలుగు టెక్స్ట్ ఫైళ్లలో ఇదే గట్టిదని చెప్పాలి.

డబ్బాలు, ప్రశ్నార్థకాలు, పిచ్చి అక్షరాలు

యూనికోడ్ ఫైలు తెరిచినప్పుడు కనిపించే చెడు మూడు రకాలు. మూడింటికీ మూడు జోస్యాలు.

డబ్బాలు కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. ఫైలు క్షేమం, యంత్రంలో తెలుగు ఫాంటు లేదంతే. విండోస్ 2000లో నాగరికి మంగళ్ ఫాంటు వచ్చింది, తెలుగుకు ఏమీ రాలేదు. అందుకే ఆ రోజుల్లో ఒకే కంప్యూటర్‌లో హిందీ ఫైలు చక్కగా తెరుచుకుని, తెలుగు ఫైలు డబ్బాలు చూపేది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల మద్దతు అన్న గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెడితేగానీ వత్తులు కుదిరేవి కావు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఒకే ఫాంటులో తెలుగు, హిందీ రెండూ ఉన్నాయి. పాత యంత్రానికి గూగుల్ నోటో, పోతన వంటి ఉచిత ఫాంట్లు వేసుకోవచ్చు. నోటో అన్న పేరే ఈ డబ్బాల మీద పెట్టింది. డబ్బాలను ఇంగ్లీషు సాంకేతికుల వాడుకలో టోఫు అంటారు. టోఫు ఉండకూడదన్నది ఆ ఫాంటు సంకల్పం.

ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే ఆశ వదులుకోవాలి. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్ ఎంపిక మామూలుగా ఉండేది. తెలుగు రాసి అలాగే దాస్తే, యూనికోడ్ అక్షరాలు పోతాయని ఒక హెచ్చరిక వచ్చేది. దాన్ని చదవకుండా ఓకే నొక్కితే ప్రతి తెలుగు సంకేతం స్థానంలో ప్రశ్నార్థకం రాసేసేది. అక్కడ నిజంగానే ప్రశ్నార్థకం ఉంది. వెనక ఏమీ లేదు. 2019లో విండోస్ 10లో వచ్చిన 1903 కూర్పు నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తోంది. చిన్న మార్పే, దాని వల్ల మిగిలిన తెలుగు మాత్రం ఎక్కువ.

మూడోది పిచ్చి అక్షరాలు. ఇవి భయపెడతాయి, కానీ చాలావరకు బతికే రోగులు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లుగా దాగుతుంది. 'క' అంటే 224, 176, 149. 'భిలాయి' అన్న మాటలో ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఈ ఫైలును పశ్చిమ యూరప్ భాషలకోసం చేసిన విండోస్-1252 పట్టికతో తెరిస్తే ఒక్కో బైటూ ఒక్కో అక్షరమై కూర్చుంటుంది. 224 అంటే నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఎ. 176 అంటే ఉష్ణోగ్రతకు పెట్టే చిన్న సున్న. యూనికోడ్‌లోని తెలుగు గదిలో రెండో సగానికి 176 బదులు 177 వస్తుంది, అది కూడికా తీసివేతా కలిసిన గుర్తు. కాబట్టి గీత పెట్టిన ఎ, పక్కన చిన్న సున్న లేదా కూడిక-తీసివేత గుర్తు పేజీ నిండా పునరావృతమైతే అది నిక్షేపంలాంటి తెలుగు.

హిందీకి మాత్రం 224 తర్వాత 164 లేదా 165 వస్తుంది. 164 అంటే నాలుగు మూలలా కొమ్ములున్న చిన్న గుండ్రటి గుర్తు, 165 అంటే జపాన్ యెన్ గుర్తు. ఫైలును సరిగ్గా తెరవకముందే, ఆ చెత్తను చూసి, ఇది తెలుగు, అది హిందీ అని చెప్పేయవచ్చు. రెండు భాషల ఫైళ్లు కలిసి తిరిగే భిలాయి కొట్టులో తెలుగు రానివారికి కూడా ఈ గుర్తు పనికొస్తుంది: గీత పెట్టిన ఎ పక్కనే సున్న ఉంటే తెలుగు, యెన్ ఉంటే హిందీ.

వైద్యం: ఫైలును మూసేయాలి, సేవ్ చేయకూడదు. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ దగ్గర ఎన్‌కోడింగ్ అన్న గడిలో యూటీఎఫ్-8 ఎంచి మళ్లీ తెరవాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వాడేవారు ఒక జాగ్రత్త పాటించాలి. దాని ఎన్‌కోడింగ్ మెనూలో రెండు రకాల ఆదేశాలుంటాయి. ఒకటి, దీన్ని యూటీఎఫ్-8 అనుకుని చదువు. రెండోది, దీన్ని యూటీఎఫ్-8లోకి మార్చు. కావాల్సింది మొదటిది. రెండోది నొక్కితే పిచ్చి అక్షరాలే అధికారిక అక్షరాలై కూర్చుంటాయి. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడు సభ్యుల పేర్లన్నీ ఇలాగే చెడుతుంటాయి. నొక్కి తెరవకుండా, డేటా మెనూ నుంచి టెక్స్ట్/సీఎస్‌వీ తెచ్చుకునే దారిలో వెళ్లి 65001 అన్న యూటీఎఫ్-8 సంఖ్యను ఎంచుకుంటే పేర్లు పేర్లుగా వస్తాయి.

ఎవరో ముందే ఆ పిచ్చి అక్షరాలను యూటీఎఫ్-8లో సేవ్ చేసేసి ఉంటే? అప్పుడు ఫైలు పరిమాణం రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉబ్బుతుంది. ఉల్టా మార్పిడి చేసి వెనక్కి తేవచ్చు, ఒక మెలికతో. విండోస్-1252 పట్టికలో అయిదు స్థానాలు ఖాళీ: 129, 141, 143, 144, 157. తెలుగు దురదృష్టం ఏమిటంటే కొమ్ము చివరి బైటు 129, పొల్లు చివరి బైటు 141. 'ఏ'కు 143, 'ఐ'కి 144, 'ఝ'కు 157. విండోస్ సొంత మార్పిడి ఈ అయిదింటినీ కంటికి కనిపించని సంకేతాలుగా పదిలంగా ఉంచుతుంది. ఇతర ప్రోగ్రాములు కొన్ని వదిలేస్తాయి. వాటి చేతిలో పడి వచ్చిన 'ఉక్కు' అన్న మాటలో ఉ, క, క మిగిలి, పొల్లు, కొమ్ము ఉన్న రెండు చోట్లా నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం గుర్తు వస్తుంది. 'తెలుగు' అన్న మాటలో రెండు కొమ్ములూ పోతాయి. 'భిలాయి' మాత్రం ఒక్క గాయం లేకుండా బయటపడుతుంది! పొల్లులు, కొమ్ములు మాత్రమే పోయిన ఫైలును తెలుగు బాగా తెలిసినవారు చేత్తో దిద్దగలరు. కథ ఒకటైతే దిద్దవచ్చు, అయిదు వందల మంది చిరునామాలైతే అసలు ఫైలు కోసం వెతకడమే నయం.

మొదటి రెండు బైట్లు, చివరి రెండు బైట్లు

యూనికోడ్‌ను దాచే మరో పద్ధతి యూటీఎఫ్-16. పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని రాసి ఉన్నది ఇదే. ఇందులో తెలుగు సంకేతానికి రెండు బైట్లే. ఫైలు మొదట్లో 255, 254 అన్న రెండు బైట్లు జెండాలా ఉంటాయి. యూటీఎఫ్-8లో ఇలాంటి జెండా 239, 187, 191. అది ఉండవచ్చు, లేకపోవచ్చు. నోట్‌ప్యాడ్‌కు ఉంటే ఇష్టం, లినక్స్ ప్రోగ్రాములకు ఉంటే చిరాకు. జెండా లేనప్పుడు పాత విండోస్ ఊహించుకునేది. ఆ ఊహ ఎంత తమాషాగా ఉండేదంటే, ఎక్స్‌పీ నోట్‌ప్యాడ్‌లో 'బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్' (బుష్ నిజాలు దాచాడు) అన్న నాలుగు ఇంగ్లీషు మాటలు మాత్రమే రాసి దాచి, మళ్లీ తెరిస్తే చైనా అక్షరాలో డబ్బాలో కనిపించేవి. ఆ 18 బైట్లను యంత్రం తొమ్మిది యూటీఎఫ్-16 అక్షరాలనుకునేది. కుట్ర అనుకున్నవారూ ఉన్నారు. కుట్ర ఏమీ లేదు, మాటల పొడవులు అలా కుదిరాయి. తర్వాత వచ్చిన విండోస్ విస్టాలో దీన్ని సరిచేశారు.

పంక్తి చివర సంగతి కూడా ఉంది. విండోస్ పంక్తి ముగింపుకు రెండు బైట్లు రాస్తుంది: టైపు మిషను బండిని వెనక్కి తోయడానికి ఒకటి, కాగితం పైకి జరపడానికి ఒకటి. లినక్స్ రెండోది ఒక్కటే రాస్తుంది. అందుకే లినక్స్ నుంచి వచ్చిన ఫైలు పాత నోట్‌ప్యాడ్‌లో ఒకే పొడవాటి పంక్తిగా పడేది. 2018లో వచ్చిన విండోస్ 10 కూర్పు 1809తో ఆ తగువు తీరింది. ఇంకా పాత యంత్రమైతే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ చాలు.

జ్ఞా

తెరుచుకోని టెక్స్ట్ చరిత్రలో తెలుగుకు ఒక విచిత్రమైన పేరు 2018 ఫిబ్రవరిలో దక్కింది. ఐఫోన్లలో 'జ్ఞా' అన్న అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వస్తే చాలు, ఆ సందేశాన్ని తెరిచిన యాప్ కూలిపోయేది, మళ్లీ తెరుచుకునేది కాదు. ఆ రూపంలో జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని విడదీత సంకేతం, ఆ తర్వాత దీర్ఘం వరసగా ఉన్నాయి. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లును వత్తుగా మారకుండా ఆపడానికి మనం రోజూ వాడే సంకేతమే అది. దాన్ని ఆ చోట ఎలా గీయాలో ఐఓఎస్ 11.2.5కు తెలియలేదు. ఫైలులో వైరస్ లేదు, తప్పు లేదు, అయిదు సంకేతాలున్నాయంతే. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. తప్పు ఫైలులోనో, పంపినవారిలోనో ఉండనక్కరలేదనీ, చదివే ప్రోగ్రాములో ఉండవచ్చనీ చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు లేదు. ఒక ప్రోగ్రాములో తెరుచుకోని ఫైలును మరో ప్రోగ్రాములో తెరిచి చూడమని చెప్పేది అందుకే.

ఫోనులో ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించే టెక్స్ట్ ఫైలు వాట్సాప్ సంభాషణను ఎగుమతి చేసినప్పుడు వచ్చేది. అది యూటీఎఫ్-8లో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో దాన్ని తెరిచే యాప్ లేదని వస్తే ఏదైనా టెక్స్ట్ ఎడిటర్ వేసుకోవాలి, లేదా బ్రౌజర్‌లో తెరవాలి. కంప్యూటర్‌లోకి తెచ్చాక పిచ్చి అక్షరాలు వస్తే, పైన చెప్పినట్టు గీత పెట్టిన ఎ పక్కన సున్న గుర్తు వెతకాలి.

భిలాయిలో, రాయపూర్‌లో, విజయనగరంలో పాత సంచికల ఫైళ్లు, నాటకాల ప్రతులు, సంఘాల జాబితాలు ఫ్లాపీల్లోనూ సీడీల్లోనూ దాచుకున్న పెద్దలకు ఒక మనవి. ఆ ఫైలు ఏ ఫాంటులో కట్టించారో గుర్తున్నది మీకే. ఆ ఫాంటు పేరు ఒక కాగితం మీద రాసి సీడీతోపాటు పెట్టండి, ఫాంటు ఫైలు దొరికితే దాన్నీ అందులోనే వేయండి. వీలైతే ఒక అచ్చు ప్రతి కూడా పక్కన ఉంచండి.